పట్టు వదిలి కొయ్యండి

సాయంత్రం గంట కొట్టాక మా సెంటర్లో ఎవరూ నేరుగా గుమ్మం దాటేవారు కాదు. వరసగా వచ్చి నా ముందు రెండు చేతులూ చాపాలి. నేను వేళ్ళన్నీ చూసి "ఉన్నాయి, వెళ్ళండి" అంటేనే వెళ్ళాలి. కొత్తగా చేరినవాళ్ళు ఇదేం చోద్యమని నవ్వుకునేవారు. పాతవాళ్ళు నన్ను ఏడిపించడానికి ఒక వేలు లోపలికి మడిచి చూపించేవారు. అప్పుడు నా గుండె ఒక్కసారి జారి మళ్ళీ దాని చోటికి వచ్చేది. ఊళ్ళో నాకు 'ఏళ్ళ మాస్టారు' అని పేరు పడిపోయింది. మా వైపు వేళ్ళను ఏళ్ళంటారు కాబట్టి, సంగతి తెలియనివాళ్ళు నా వయసు చూసి ఆ పేరు పెట్టారనుకునేవారు.

ఉద్యోగ జీవితం గురించి రాసేవాళ్ళు ధైర్యం గురించి రాస్తారు. నా దగ్గర అది ఎప్పుడూ పెద్దగా లేదు. ఇప్పుడిప్పుడే పనుల్లో చేరుతున్న పిల్లలూ, నేను మీకు భయం గురించే చెప్పగలను. దానితోనే నా ఉద్యోగమంతా నడిచింది. మా నాన్న మిషన్ కాంపౌండులో వడ్రంగి. చర్చి బెంచీలు, బడి బల్లలు చేసేవారు. ఆయన ఎడమచేతి చూపుడువేలికి కొస ఉండేది కాదు. ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను ఆ వేలినే చూస్తూ కూర్చునేవాణ్ణి. తరవాత నేనూ అదే పని నేర్చుకున్నాను. పని వచ్చింది, ఆ వేలు మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు.

నేను చెప్పేది తొంభైల చివరి మాట. నర్సీపట్నం బస్టాండుకు కాస్త ఎడంగా, ఒక రేకుల షెడ్డులో ఆడవాళ్ళకు చేతిపనులు నేర్పే కేంద్రం ఉండేది. ఒక పక్క కుట్టుపని, ఇంకో పక్క చెక్కపని. చెక్కపని మాస్టారుని నేను. అంకుడు కర్రతో గరిటెలు, తెడ్లు, అట్లకాడలు చేయించేవాణ్ణి. అంకుడు తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలి చెప్పిన మాట వింటుంది. కానీ ఎంత మంచి కర్రయినా చిన్నదయ్యేకొద్దీ ప్రమాదం. పెద్ద దుంగ తన బరువుతో తానే కదలకుండా ఉంటుంది. వేలెడు ముక్క అలా ఉండదు. దాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్న చేతికీ ఉలి అంచుకీ మధ్య బెత్తెడు దూరం కూడా ఉండదు.

అందుకని మా పనిలో ఒక పద్ధతి ఉంది. గరిటెకు కావలసినదానికంటే కర్రను పొడుగ్గా కోస్తాం. ఆ అదనపు ముక్కను 'పట్టు' అంటాం. దాన్ని పట్టుకుని గరిటెంతా చెక్కేసి, ఆఖర్న పట్టును కోసి పారేస్తాం. చెయ్యెప్పుడూ ఉలికి దూరంగానే ఉంటుంది. ఈ ఒక్క పద్ధతి వల్లనే నేను రోజూ ఇంటికి వెళ్ళి అన్నం తినగలిగేవాణ్ణి.

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒకావిడ చెయ్యి వేరు. కొండమీద ఊళ్ళో పుట్టి, పెళ్ళయి నాతవరం వైపు వచ్చింది. రోజూ షేరాటోలో వచ్చేది. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. మాటలు తక్కువ. వంపు ఉలితో గరిటె గుంట తీస్తుంటే చూడాలి. ఎక్కడా తడుముకోవడం ఉండేది కాదు. భర్త ఆరోగ్యం అంతంతమాత్రం, ఇల్లు ఆవిడ చేతుల మీదే నడిచేది. సాయంత్రం వరసలో ఆవిడ చేతులు చూసేటప్పుడు నేను మామూలుకంటే ఎక్కువసేపు చూసేవాణ్ణి. మా స్టోర్ కీపర్ అది కనిపెట్టి, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను ఎగతాళి చేసేవాడు.

ఆ స్టోర్ కీపర్ గురించి చెప్పాలి. మా చర్చి పాటల బృందంలో పెద్ద గొంతు ఆయనదే. మంచివాడు, కానీ ఏ మాటనైనా కుదించి చెప్పే అలవాటు. మా పైన సూపరింటెండెంటు మేడమ్ గారు. ఆవిడ కుట్టుపని నుంచి వచ్చిన మనిషి. చెక్కపని సంగతి తెలియదని ఆవిడే ఒప్పుకునేవారు. సెంటర్ ఉంటుందో మూసేస్తారో అని పై ఆఫీసు నుంచి ఏడాదికోసారి బెదిరింపు వచ్చేది. అందుకని ఆవిడ భయం ఆవిడకుండేది. ఒకే కప్పు కింద రెండు రకాల భయాలు ఉద్యోగం చేసేవి.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి ఒక షాపాయన పెద్ద ఆర్డరు ఇచ్చారు. ఉప్పుకి, కారప్పొడులకి, పచ్చళ్ళకి చిన్న చిన్న చెక్క గరిటెలు కావాలన్నారు. వేలెడు పొడుగు, చివర చింతగింజంత గుంట. మేడమ్ గారి ముఖం చాన్నాళ్ళకి వెలిగింది. ఈ ఆర్డరు సరిగ్గా అందిస్తే పై ఆఫీసు నోరు మూతపడుతుంది. నేను మాత్రం నమూనా గరిటెను చేతిలో పట్టుకుని చూసి, పట్టు జానెడైనా ఉండాలని స్టోర్ కీపర్‌కి మరీ మరీ చెప్పాను. కర్ర అప్పటికే ఆరబెట్టి కోటవురట్ల దారిలోని ఒక సామిల్లులో ఉంది. కొలతలు రాసిన కాగితం ముందే వెళ్ళింది. దానిలో గరిటె కొలతే ఉంది, పట్టు సంగతి లేదు. ఆయన ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసి, తన అలవాటు ప్రకారం కుదించి, "పట్టు వదిలి కొయ్యండి" అని చెప్పి వచ్చాడు.

మీరే చెప్పండి, ఆ మాటకు అర్థమేమిటి? మా స్టోర్ కీపర్ లెక్కలో పట్టుకి చోటు వదిలి, అంటే ఉంచి, కొయ్యమని. సామిల్లాయన లెక్కలో పట్టును వదిలేసి, అంటే లేకుండా, కొయ్యమని. బస్తాలు విప్పేసరికి అన్నీ వేలెడు ముక్కలు. బలపాల పెట్టె బోర్లించినట్టు నేలంతా పరుచుకున్నాయి. ఒకటి తీసి నా చూపుడువేలి పక్కన పెట్టి చూశాను. స్టోర్ కీపర్ సామిల్లుకి పరిగెత్తాడు. అక్కడాయన తాపీగా, "పట్టొదిలి కొయ్యమన్నారు, పట్టొదిలీసి కోసీసాం. ఇందులో మా తప్పేటుందండి?" అన్నాడట. తెలుగులో చూస్తే ఆయనదీ తప్పు కాదు, మావాడిదీ తప్పు కాదు. ఆ సంగతి మీద వాళ్ళిద్దరూ ఈనాటికీ ఎదురుపడితే వాదించుకుంటారు.

మళ్ళీ అంకుడు తెప్పించి ఆరబెట్టాలంటే వానలు వెళ్ళాలి. షాపాయన అంతవరకు ఆగరు. ఈ ముక్కల్నే ఎలాగో పట్టి చెక్కాలి.

ఆ కొండావిడే ముందు మొదలుపెట్టింది. బెంచీ వదిలేసి కింద పీట మీద కూర్చుంది. ముక్కను చిన్న చెక్క మీద పెట్టి, ఎడమ పాదం బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించి, మడమతో నొక్కి, పైనుంచి ఉలి నడిపింది. ఉలి కాలికి ఎదురుగా ఎప్పుడూ రాదు, పక్కకే పోతుంది. రెండు చేతులూ ఉలి మీదే ఉంటాయి కాబట్టి తెగడానికి అక్కడ చెయ్యే లేదు. నేను కూడా చిన్నప్పుడు నాన్న దగ్గర అలాగే కూర్చుని పని నేర్చుకున్నాను. ఇన్ని బెంచీలు, ముక్కను దవడల మధ్య బిగించే వైసులు వచ్చాక మరిచిపోయాను. నాలుగు రోజుల్లో అందరూ నేల మీదికి దిగారు. పని సాఫీగా సాగింది. నేను కాస్త ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు షాపాయన వచ్చారు. ఉపమాక వెంకన్న దర్శనం చేసుకుని, నుదుట నామంతో, దారిలోనే కదా అని పని చూడటానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు. షెడ్డు నిండా ఆడవాళ్ళు, ప్రతి ఒక్కరి కాలికింద ఒక గరిటె. ఆయన కోప్పడలేదు. ఉప్పు గరిటెలండీ ఇవి, లక్ష్మీదేవిని తీసుకునే గరిటెలు, కాలికింద పెడతారా అని నెమ్మదిగా అడిగారు. కొండావిడ తలెత్తి చూసింది.

"సెక్కినంతసేపూ అది కర్రేనండి. కడిగినాక గరిటవుద్ది. మా ఊల్లో తెడ్లన్నీ ఇలాగే సేత్తారు."

ఆయన తల ఊపారు. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చమ్మా. కానీ నేను చూసేశాను. చూసి, చూడలేదని చెప్పి నా షాపులో అమ్మలేను" అన్నారు. ఆయన మాటలో మోసం లేదు. కాలు తగలకుండా చేస్తే తీసుకుంటానని, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే మేడమ్ గారు హుకుం వేశారు. ఇకనుంచి గరిటెకు కాలు తగలకూడదు, అందరూ బెంచీల మీదే చెయ్యాలి. నేను వైసుల్లో బిగించి చూశాను. అంకుడు మెత్తన, వైసు దవడల అచ్చు పడిపోతోంది. గుడ్డ చుట్టి బిగించాను, ముక్క జారుతోంది. ఇంకాస్త బిగిస్తే మెడ దగ్గర పుటుక్కుమంటోంది. సైకిల్ ట్యూబు ముక్కలు వేశాను, అవి సాగి ముక్కను అటూ ఇటూ ఊపుతున్నాయి. అడకత్తెరలో పోకచెక్క అంటారే, దానికైనా ఒక దారి ఉంటుంది, ముక్కలైపోతుంది. నా గరిటె అందులో నిలవడమూ లేదు, వదలడమూ లేదు.

చివరికి అందరూ చేసిందేమిటంటే, నేను ఏది జరగకూడదని భయపడ్డానో అదే. ముక్కను ఎడమచేతి గుప్పిట్లో పట్టుకుని, కుడిచేత్తో ఉలి నడపడం మొదలుపెట్టారు. నేను చూసినప్పుడు బెంచీ మీద పెట్టేవారు, నేను అటు తిరగ్గానే గుప్పిట్లోకి తీసుకునేవారు. ఆర్డరు అందాలి కదా, వాళ్ళకూ తెలుసు. షెడ్డులో నా నడక ఎక్కువైంది. ఎక్కడ ఉలి చప్పుడు ఆగినా నా మెడ అటు తిరిగిపోయేది. సాయంత్రం వరసలో చిన్న చిన్న గాట్లు కనిపించసాగాయి. ఒకరికి వేలి కొసన గుడ్డపీలిక, ఇంకొకరికి అరచేతిలో ఎర్రటి గీత. 'ఉన్నాయి, వెళ్ళండి' అనేవాణ్ణి గానీ నా గొంతు నాకే నచ్చేది కాదు.

మేడమ్ గారి గదికి వెళ్ళి, పని ఆపేద్దామన్నాను. ఆపేస్తే సెంటరే ఆగిపోతుందన్నారు. కాలితో పట్టనివ్వండి, కడిగి ఇద్దామన్నాను. షాపాయన ముఖం చూసి అబద్ధం చెప్పమంటారా అన్నారు. ఆవిడ బల్ల సొరుగు లాగి ఉందని అప్పుడు గమనించాను. నిండా దూది, అయోడిన్ సీసా, కట్టు గుడ్డలు. ఎప్పుడు తెచ్చి పెట్టుకున్నారో తెలియదు. మా ఇద్దరి మధ్య పోట్లాటకి అర్థం లేదని ఆ సొరుగు చూశాక తెలిసింది. అయినా ఇద్దరమూ పంతం మీదే ఉన్నాం. పట్టూ విడుపూ ఉండాలని పెద్దలు అంటారు. ఆ రోజుల్లో మా దగ్గర పట్టు ఒక్కటే ఉండేది.

ఒక మధ్యాహ్నం బాగా మబ్బు పట్టింది. కరెంటు పోయింది. వెలుతురు చాలదు, ఉలులు పక్కన పెట్టండి అని నేను అరుస్తూనే ఉన్నాను. అటు చివర బెంచీ మీద ఏదో కింద పడిన చప్పుడైంది. కొండావిడ నిలబడి ఉంది. కేక పెట్టలేదు. కుడిచేత్తో, అప్పటిదాకా చెక్కిన గరిటెల్ని గబగబా పక్కకు జరుపుతోంది. ఎడమచేయి బొటనవేలి మొదట్లోంచి నెత్తురు కారిపోతోంది. నేను పరిగెత్తి పట్టుకుంటే, "ఆగండి మాస్టారు, గరిటలకి మరకలైపోతాయి" అంది. తన చెయ్యి తెగింది, ఆవిడ గరిటెల గురించి ఆలోచిస్తోంది. మేమందరం కలిసి ఆవిడకు నేర్పింది ఇదేనా అనిపించింది.

స్టోర్ కీపర్ రోడ్డు మీదికి దూకి, పోతున్న ఆటోను ఆపి, అందులోవాళ్ళను దింపేశాడు. మేడమ్ గారు తన పైట కొంగుతోనే ఆ చేతిని చుట్టేశారు. దారి పొడుగునా మా స్టోర్ కీపర్ డ్రైవర్ని "బేగి, బేగి" అంటూనే ఉన్నాడు. ఎప్పుడూ పాటలా సాగే ఆయన గొంతు ఆ రోజు గరగరలాడిపోయింది. నేను ప్రార్థన చెయ్యాలనుకున్నాను. మాటలు కూడలేదు. నాన్న వేలే కళ్ళ ముందు ఆడింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు చూసి, లోపల నరం తెగిందని, కలిపి కుట్టాలని అన్నారు. చెయ్యి కొంచెం కూడా కదలకూడదు. నన్ను పట్టుకోమన్నారు. పట్టుకున్నాను, కానీ ఆవిడ చెయ్యి వణకడం లేదు, నాదే వణుకుతోంది. నర్సమ్మ ఒక్క చూపు చూసి నన్ను పక్కకు తోసేసింది. మావాళ్ళను లోపలికి రానివ్వలేదు, నర్సమ్మకేమో రెండు చేతులూ సామాన్లు అందించడానికి కావాలి. వెడల్పాటి కట్టుగుడ్డ తీసి, ఆ మణికట్టు మీదుగా వేసి, రెండు కొసలూ సన్నటి బల్లకి అటూ ఇటూ కిందికి దించి ముడి వేసింది. ఆ ముడిలో తన పాదం పెట్టి తొక్కింది. బల్ల మీద చెయ్యి అతుక్కుపోయినట్టు నిలిచిపోయింది. నొప్పని కొండావిడ మూలిగితే నర్సమ్మ పాదం కాస్త ఎత్తేది, గుడ్డ వదులయ్యేది. మళ్ళీ తొక్కితే బిగిసేది.

నెత్తురు చూడలేక నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. కింద నాకు కనిపించింది ఆ పాదం ఒక్కటే. పాదం గుడ్డ మీద ఉంది. గుడ్డ చేతి మీద ఉంది. పాదం చేతిని తాకలేదు. గరిటెనూ ఇలాగే పట్టొచ్చు అనిపించింది. ఆవిడ చెయ్యి అక్కడ కోతలో ఉంటే నా బుర్ర గరిటెల దగ్గరికి పోయినందుకు సిగ్గేసింది కూడా. కానీ పోయింది, ఏం చెయ్యను.

కుట్లయ్యాక డాక్టరు గారు, బొటనవేలు వంగుతుందో లేదో కుట్లు విప్పాక చూద్దాం అన్నారు. ఆవిడ ఆయన్ని ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక నన్ను అడిగింది.

"ఈ సెయ్యి పట్టుకోలేపోతే, నానేటి సెయ్యాల మాస్టారు?"

నా దగ్గర జవాబు ఉందన్నట్టు తల ఊపాను.

మా ఇంట్లో వెడల్పాటి నూలు పట్టీతో అల్లిన పాత నవ్వారు మంచం ఒకటుండేది. తెల్లారగానే దాని కాళ్ళవైపు నవ్వారు కోస్తుంటే మా ఆవిడ చూసి, మతి పోయిందా అంది. సంగతి చెప్పేసరికి తనే కత్తెర అందించింది. సెంటర్లో మోకాలెత్తు సన్నటి బల్ల ఒకటి తీసుకుని, దాని మీదుగా నవ్వారు వేసి, కొసలు కింద కలిపి కుట్టాను. గరిటె ముక్కను నవ్వారు కింద దూర్చి, కింద వేలాడే ఉచ్చులో పాదం పెట్టి తొక్కాను. ముక్క నిలిచింది. ఉలి పెట్టి గట్టిగా తోశాను, కదల్లేదు. నవ్వారు వెడల్పుది కాబట్టి అంకుడు మీద అచ్చు పడలేదు. పాదం ఎత్తగానే ముక్క వదులైంది. తిప్పి పెట్టి, మళ్ళీ తొక్కి, వెనకవైపు చెక్కాను. వైసుకి పట్టే తెలుసు. దీనికి పట్టూ తెలుసు, విడుపూ తెలుసు. రెండు చేతులూ ఉలి మీదే ఉన్నాయి. ఆనందపడాల్సిన సమయం, కానీ నేను ఎడమచేయి బొటనవేలు వంచి చూసుకుంటూ కూర్చున్నాను.

ఊళ్ళో పాత నవ్వారు ఎక్కడున్నా స్టోర్ కీపర్ పోగు చేశాడు. మేడమ్ గారు కొసలన్నీ కుట్టు మిషను మీద తానే కుట్టి ఇచ్చారు. అందరూ ఆ బల్లల ముందు చేరారు. సాయంత్రం వరసలో గాట్లు ఆగిపోయాయి. కానీ వరసలో ఒక మనిషి లేదు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి నా మాట ఆగిపోయేది. షాపాయన ఏమంటారో తెలియదు. ఆ వేలు వంగుతుందో లేదో తెలియదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

రెండూ ఒకే రోజు వచ్చి పడ్డాయి. ఆ పొద్దున కుట్లు విప్పుతారని తెలుసు. నేను ఆసుపత్రికి వెళ్ళాలని బయల్దేరుతుంటే షాపాయన దిగారు. వదిలి వెళ్ళలేను. ఆయన ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, వంగి, కిందికీ పైకీ చూశారు. పాదాన్ని చూశారు, నవ్వారుని చూశారు, గరిటెను చూశారు. షెడ్డులో ఉలి చప్పుడు ఒక్కటి లేదు.

"కాలు నవ్వారు మీదుంది. నవ్వారు గరిటె మీదుంది" అన్నారు, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు.

అప్పుడు మేడమ్ గారు ముందుకు వచ్చారు. చెక్కపని తెలియని మేడమ్ గారు.

"కుట్టు మిషను తొక్కకుండా నడవదు కదండీ. ఇదే షెడ్డులో దేవుడికి వస్త్రాలు కుట్టి గుడికి పంపించాం. కాళ్ళతో తొక్కే కుట్టాం. దేవుడు కట్టుకున్నాడు."

ఆయన అటు పక్క కుట్టు మిషన్ల వైపు తిరిగి చూశారు. తరవాత గరిటె ఒకటి తీసి, జేబురుమాలుతో తుడిచి, జేబులో వేసుకున్నారు. "మా ఇంట్లో ఉప్పు జాడీకి" అన్నారు. అంతే. ఆర్డరు నిలబడింది. స్టోర్ కీపర్ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు, మేము విడిపించాల్సి వచ్చింది.

అందరూ నవ్వుతుంటే గుమ్మంలో కొండావిడ కనిపించింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. నవ్వులాగిపోయాయి. నేను వెళ్ళి, చెయ్యి చూపించమన్నాను. వంచమ్మా అన్నాను. నాలుగు వేళ్ళూ వంగాయి. బొటనవేలు కణుపు దగ్గర అలాగే నిలబడి ఉంది. ఆవిడ దాని వైపు చూసి, ఇంకోసారి బలంగా ప్రయత్నించింది. రాలేదు. మెల్లగా వస్తుందిలే అని ఎవరో అన్నారు. ఆవిడ వినలేదు. నేరుగా నా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నవ్వారు కింద ముక్కను కుడిచేత్తో దూర్చింది. పాదంతో తొక్కింది. ఉలి అందుకుని, ఎడమ అరచెయ్యి దాని వెనక ఆనించి, నెమ్మదిగా ఒక పొర తీసింది. ఇంకొకటి తీసింది. గుంట వస్తోంది. వంకరగా వస్తోంది, కానీ వస్తోంది.

"ఇది పట్టుకుంతాది గదా," అంది నవ్వారును చూపించి. "ఇంక నా సెయ్యి పట్టుకోపోయినా పరవాలేదు."

నేను కర్రల దొంతర వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని ఏ రూల్లోనూ లేదు, మీరూ ఎప్పుడైనా అవసరమైతే ఏడవండి.

ఆ వేలు మరి వంగలేదు. అంతా మంచే జరిగిందని నేను మీకు చెప్పను. ఆ ముక్కలకు పట్టు ఉండి ఉంటే ఆవిడ చెయ్యి చెయ్యిలాగే ఉండేది. కానీ ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు మా దగ్గరే చేసింది. కొత్తవాళ్ళకు నవ్వారు బల్ల మీద పని నేర్పింది తనే. చేతికి దెబ్బ తగిలి పని మానేద్దామనుకున్న వేరేవాళ్ళు కూడా ఆవిడను చూసి వచ్చారు. సాయంత్రం వరసలో మాత్రం ఆవిడ ఎప్పుడూ ఆఖర్న నిలబడేది. నేను ఆ బొటనవేలి దగ్గర ఒక్క క్షణం ఆగి 'ఉన్నాయి' అనేవాణ్ణి. ఆవిడ 'ఉన్నాయండి' అనేది.

నేను రిటైరయిన రోజు అందరికీ జరిగినట్టే నాకూ దండ, శాలువా, రెండు మంచి మాటలు. స్టోర్ కీపర్ పాట పాడాడు. సామాను సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడ్డంగా నిలబడి ఉంది. జుట్టు నెరిసింది.

"మాస్టారు, సేతులు సూపించండి."

సంచీ కింద పెట్టి రెండు చేతులూ చాపాను. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. ఆవిడ నా వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఆ వంగని బొటనవేలు నా అరచేతిలో చెక్కముక్కలా గట్టిగా తగిలింది. ఆఖరి వేలు వరకూ చూసి, చేతులు వదిలింది.

"అన్నీ ఉన్నాయి. ఇంక పట్టొదిలీసి ఎల్లండి."

ఆ మాటకు రెండర్థాలున్నాయని వెనక నుంచి స్టోర్ కీపర్ గొణిగాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.